యూరియా సంచిలో తెచ్చిన మాయ

మైదుకూరు దగ్గర ఒక పశువుల ఆసుపత్రిలో నేను డాక్టరుగా చేరిన తొలి ఏడాది అది. మాది కిరాణా వ్యాపారం చేసే ఇల్లు. "శెట్ల ఇంటి పిల్లవు, గొర్రెలు ఈనాక పడే మాయల్లో చేతులు పెడతావా?" అని మా మేనత్త ముఖం మీదే అడిగింది. పెడతాను అన్నాను.

ఆషాఢంలో ఒక ఉదయం, గొర్రెలు మేపే ఒకామె యూరియా సంచి పట్టుకొని వచ్చింది. భర్త పోయాక మందను తానే చూసుకుంటోంది. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. సంచిలోది వరండాలో గుమ్మరించింది. అప్పుడే ఈనిన గొర్రె వేసిన మాయ.

"గొర్రె తినబోతాంటే లాక్కొని వచ్చినా మేడమ్మా. ఈ తూరి పిల్లలన్నీ ఎలకల మాదిరి పుడతాండాయి. రెండు సచ్చినాయి. ముండమోసినదాని చెయ్యి తగిలి మంద పాడైపోయిందని మా మామ అంటాండాడు. దీన్ని జూసి చెప్పు, తప్పు నాదేనా?"

నాకు ఒళ్లు మండింది. మాయను కడిగి పరిచాను. గొర్రె మాయ ఒకే ముద్దగా ఉండదు. ఎర్రటి గుండీల్లాంటివి దాని నిండా ఉంటాయి. అవి గర్భసంచికి అతుక్కుంటాయి. తల్లి రక్తంలోని ఆహారం, ప్రాణవాయువు వాటి గుండానే పిల్లకు చేరతాయి. బలమైన పిల్లను ఈనిన మరో గొర్రె మాయను ఫార్మలిన్‌లో దాచి ఉంచాను. దాన్ని తీసి పక్కన పెట్టాను. తేడా నాకంటే ముందు ఆమే పట్టుకుంది.

"దీనికి గుండీలు శానా చిన్నవి గదా!"

"ఎండాకాలం మందను యాడ మేపినావక్కా?"

"ఊరి పక్క బీడుకు సోలారోళ్లు కంచె వేసినారు. గుట్ట అవతలికి తోలుకొని పోతాంటి. నీడ లేదు. రొప్పుకుంటా నడిచేవి."

కడుపుతో ఉన్న నడిమి నెలల్లోనే మాయ బాగా ఎదగాలి. సరిగ్గా అప్పుడే ఆ గొర్రెలు ఎండలో తిరిగాయి. మాయ ఎదగలేదు. లోపలి పిల్లకు చక్కెర సరిగా అందక ఇన్సులిన్, ఒంటిని పెంచే హార్మోన్లు తగ్గాయి. కష్టంలో ఊరే కార్టిసాల్ పెరిగింది. అందిన కాస్త ఆహారాన్నీ పిల్ల ముందుగా మెదడుకు మళ్లించుకుంది. అందుకే తల పెద్దది, ఒళ్లు పుల్ల. ఇదంతా ఆమెకు అర్థమయ్యేలా చెప్పాను.

"అయితే అవి సేతగాని పిల్లలు కాదు. లోపల కొట్లాడి బయటపడినాయి. పా మేడమ్మా, ఈ మాట మా మామ ముందర చెబుదువు."

వెళ్లాం. దొడ్డి దగ్గర ఆమె మామ మందను కొనే మనిషిని అప్పటికే పిలిపించి ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"ఏమ్మా, మాయను జూసి జాతకం చెప్పేదానికి వచ్చినావా?"

నేను నోరు తెరిచేలోపే ఆమె సంచిని అతని ముందు పెట్టింది.

"ఇది నా మొగుడు నాకిడిచిన మంద మామా. అమ్మను. ఎండకే మాయ ఎదగక పిల్లలు చిన్నవైనాయంట. ఎండకు తోలింది నేనే, ఒప్పుకుంటా. ఊరి పక్క బీడును సోలారోళ్లకు గుత్తకిచ్చి సంతకం పెట్టింది ఎవరు? నువ్వు గాదా? నా చెయ్యి మంచిది గాదని ఇంకోసారి అంటే, ఈ మాయను ఊరి నడుమ పరిచి అందరికీ చూపిస్తా!"

కొనడానికి వచ్చినాయన చెప్పులు వేసుకున్నాడు. మామ అతని వెంట నడిచాడు.

మేమిద్దరం ఆ చిన్న గొర్రెపిల్లలకు సీసాతో ముర్రుపాలు పట్టాం. ఇంకొకటి చచ్చిపోయింది. ఆ రోజు ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను. మిగతావి బతికాయి. పొట్టిగానే ఉండిపోయినా, వాటిని కోతకు ఇవ్వనంది.

మరుసటి వేసవికి దొడ్డి మీద నీడకు పచ్చ వల కట్టింది. పొద్దున, సాయంత్రం మాత్రమే మేపింది. చూడి గొర్రెలకు విడిగా దాణా పెట్టింది. ఆ ఈతలో పిల్లలు బలంగా, చేతినిండా పట్టేంతగా పుట్టాయి. మామ ఇప్పటికీ తప్పు ఒప్పుకోలేదు. ఆమె అడగనూ లేదు. ఇప్పుడు చుట్టుపక్కల ఏ మందలో పిల్ల చిన్నదిగా పుట్టినా, ఆడవాళ్లు మాయను పట్టుకొని ముందుగా ఆమె దగ్గరికే పోతున్నారు.