ఒటీలియా వాసన చూసే గాలి

కరీబియన్ దీవి డొమినికా తీరంలో ఒటీలియాది చిన్న స్కూబా కొట్టు; సముద్రంలో మునిగేవాళ్లకి గాలి సిలిండర్లు నింపి ఇస్తుంది. పడవెక్కే ప్రతి సిలిండర్ వాల్వునీ రవ్వంత తిప్పి, నూనె కంపో పొగ కంపో ఉందేమోనని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంది. తను నింపిన గాలినే నమ్మని మనిషి, ఇక మనుషుల్నేం నమ్ముతుంది? సెలవులకొచ్చే జంటల్లో పోట్లాడుకునేవాళ్లతో ఆమెకు బెంగ లేదు. పెళ్లాన్ని మరీ ముద్దు చేసే మొగుళ్లంటేనే అనుమానం. ఆ ఉదయం ట్రినిడాడ్ నుంచి వచ్చిన కెర్విన్, పడవలో భార్య నటోయా బెల్టులు బిగించాడు, ఆమె కళ్లకు పెట్టుకునే అద్దం తుడిచాడు, చివరికి ఆమె వీపు మీది వాల్వు మీద చెయ్యేశాడు. ఒటీలియా రొట్టె నమలడం ఆపేసింది.

"ఏంటి బాబూ, దాన్నెందుకు తిప్పుతున్నావ్?"

"సరిగ్గా ఉందో లేదోనని ఆంటీ. నా పెళ్లాం కదా!"

"అందుకే అడుగుతున్నా."

లేచి వెళ్లి చూసింది. వాల్వు పూర్తిగా తెరిచే ఉంది. పడవంతా గొల్లుమంది. అయినా ఆ జంట నీళ్లలోకి దూకేదాకా ఒటీలియా కెర్విన్ చేతుల మీంచి చూపు తిప్పలేదు. కాసేపటికి కెర్విన్ గుడ్లు తేలేసి పైకొచ్చాడు. లోతుకి వెళ్లేసరికి గాలి అందలేదట. ఒటీలియా అతని వీపు తడిమింది. వాల్వు దాదాపు మూసి ఉంది. వెనకే నటోయా తేలింది.

"మీరంతా నవ్వుతున్నప్పుడు నేనూ ఈయనది తిప్పి చూశానాంటీ. ఎటు తిప్పాలో తెలీలేదు."

కెర్విన్ దగ్గుతూనే ఆమె తల నిమిరాడు. ఒటీలియా మాత్రం అతని సిలిండర్ని పడవలోకి లాగి, గొట్టం విప్పి, వాసన చూసింది. గాలిలో ఏ తప్పూ లేదు.