పున్నమి కాని రోజు సముద్రం

మా వైపు తోడికోడలిని యారాలు అంటారు. మా యారాలు అంటే నా మరిది భార్య. నాకంటే చిన్నది, నాకంటే తెల్లనిది, ఎల్బీనగర్‌లో లిఫ్టున్న అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. మేము దిల్‌సుఖ్‌నగర్‌లో బస్ డిపో వెనక సందులో ఉంటాం. కింద మా ఆయన మిక్సీలు, గ్రైండర్లు రిపేరు చేసే షాపు. పైన రెండు గదుల్లో నేనూ, ఆయనా, మా అత్తమ్మా, నా కుట్టుమిషనూ. మెట్రో ఎక్కితే రెండిళ్ల మధ్య దూరం సీటు దొరికేలోపే అయిపోతుంది. కానీ చలికాలం వచ్చిందంటే చాలు, ఆమె ఏదో ఒక సముద్రం ఒడ్డున ఉంటుంది. నేను మిషను ముందే ఉంటాను.

కుళ్లు అనండి, ఈర్ష్య అనండి, నాకు పేరుతో పట్టింపు లేదు. ఉన్నమాట చెబుతున్నాను. చలి రోజుల్లో పొద్దున్నే నా వేళ్లు కొంకర్లు పోతాయి. సూది బెజ్జంలోకి దారం ఎక్కదు. టీ గ్లాసును రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కాచుకుంటూ ఫోన్ తెరుస్తానా, అందులో మా యారాలు స్టేటస్. నెత్తిన వెడల్పాటి టోపీ, నల్ల కళ్లద్దాలు, మోకాళ్ల కిందికి పూల ఫ్రాకు, వెనక నీలంగా సముద్రం. ఇక్కడ నేనేమో స్వెట్టరు మీద శాలువా, చెవులకు మఫ్లరు. ఫొటో పెద్దది చేసి చూస్తాను. టోపీ చూస్తాను, చెప్పులు చూస్తాను, నవ్వు చూస్తాను. చూసి ఫోన్ బోర్లా పెడతాను. మళ్లీ తిప్పి చూస్తాను.

ఒక ఏడాది ఫొటో కింద 'విటమిన్ సీ' అని పెట్టింది. పాపం ఒంట్లో బాగాలేదేమో, డాక్టరు నిమ్మరసం తాగమన్నాడేమో అనుకున్నాను. మనసులో ఎంత మంట ఉన్నా మర్యాద మర్యాదే కదా, ఫోన్ చేసి "పానం మంచిగ లేదా పిల్లా? బత్తాయిలు తిను" అన్నాను. అవతల పకపకా నవ్వింది. "అక్కా, సీ అంటే సముద్రం! జోకు!" అంది. ఆ జోకు మా మరిదికి చెప్పింది, మరిది మా ఆయనకు చెప్పాడు, మా ఆయన షాపుకొచ్చిన గిరాకీలందరికీ చెప్పాడు. ఆ చలికాలమంతా ఎవరు బత్తాయి తిన్నా నా ఒళ్లు మండేది.

నేను పుట్టింది అల్మాస్‌గూడ. నేను చూసిన పెద్ద నీళ్లంటే చెరువే. సముద్రం ఎప్పుడూ చూడలేదు. చూడలేదని చెప్పుకోవడం నాకు చిన్నతనంగా ఉండేది. అయినా ఒకసారి ఉండబట్టలేక యారాలినే అడిగాను, చలికాలంలో సముద్రం నీళ్లు చల్లగుంటాయా, వెచ్చగుంటాయా అని. ఆమె "గట్ల చెప్తే సమజ్ కాదక్కా. పోయి చూస్తెనే తెలుస్తది" అని మాట మార్చేసింది. ఎంత పొగరు, ఒక్క ముక్క చెబితే అరిగిపోతుందా అనుకున్నాను.

మా ఆయనకు కూడా సముద్రం తెలుసు. దోస్తులతో గోవా పోయొచ్చాడు. నన్నూ తీసుకుపొమ్మంటే "గోవా ఫ్యామిలీతోని పోయే జాగ కాదే" అన్నాడు. ఆయన వచ్చాక ప్యాంటు ఉతకబోతూ కాళ్ల దగ్గర అంచు మడత తిప్పితే ఇసుక రాలింది. సన్నగా, మెరుస్తూ, ఇళ్ల కట్టుబడికి వాడే ఇసుకలా కాకుండా వేరేగా ఉంది. పారెయ్యబుద్ధి కాలేదు. చాలాసేపు అరచేతిలో అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను. అప్పటిదాకా నేను ముట్టుకున్న సముద్రమంతా అదే.

ఈ పుష్యమాసంలో అందరం కలిసి పోదామని మా మరిది అన్నాడు. పుష్యంలో పెళ్లిళ్లుండవు, నాకు జాకెట్ల పని ఉండదు. ఎక్కడికి పోవాలో తేల్చడానికి ఫోన్‌లో గ్రూపు పెట్టారు. నాకు అందులో కావలసింది ఒక్కటే. మొదటిసారి సముద్రం చూడడమన్నది మనిషికి ఒక్కసారే జరుగుతుంది. అప్పుడు పక్కన మా యారాలు నిలబడి, 'గదో అక్కా, గట్ల అల వస్తది, గిట్ల పోతది' అని నాకు సముద్రం పాఠం చెప్పకూడదు. అది నా కాళ్లకే తెలియాలి, ఆమె నోటితో కాదు. అందుకని ఆమె చూడని సముద్రం కావాలి.

అది దొరకడం ఎంత కష్టమో వెతికితే గాని తెలియలేదు. గోకర్ణం అన్నాను, గుడి కూడా ఉంటుంది కదా అని. "మస్తుంటదక్కా, మేం దిగిన హోటల్ల దిగుదాం" అంది. పుదుచ్చేరి అన్నాను. "ఆడ పొద్దుగాల సముద్రం ఒడ్డుకు కాఫీ తాగాలె, చూపిస్త" అంది. వైజాగ్ అన్నాను. మా మరిది వాళ్లు అక్కడ తీసిన ఫొటోలు వరుసగా పదో పన్నెండో వచ్చి పడ్డాయి గ్రూపులో. ఈ దేశానికి ఉన్న ఒడ్డంతా ఈమె ముందే చూసేసి, నాకు ఎంగిలి మిగిల్చిందే అని కడుపు మండిపోయింది.

చివరికి బాపట్ల దగ్గర సూర్యలంక పేరు పెట్టాను. "అదా? మేం పోలే. గది పిక్నిక్ జాగ గదా" అని ముక్కు చిట్లించుకున్న బొమ్మ పెట్టింది. పోలే అన్న మాట ఒక్కటే నాకు వినబడింది. "చలి కూడా ఉండదంట, అత్తమ్మ మోకాళ్లకు మంచిది" అని పట్టుబట్టాను. అత్తమ్మ మోకాళ్లు అనేసరికి అన్నదమ్ములిద్దరూ సరే అని బొటనవేలి బొమ్మలు పెట్టారు.

ఊరు నాది అయింది కదా, రోజు కూడా నాదే కావాలనిపించింది. శని, ఆదివారాలు మా మరిదికి కుదరవు. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ప్లాట్లు చూపించే పని ఆయనది, గిరాకీలు వచ్చేది ఆ రెండు రోజులే. అందుకని సోమవారం బయల్దేరుదామని యారాలు రాసింది. ఆమె నిర్ణయించడం ఏమిటి? పోయి మా అత్తమ్మను కదిపాను. సముద్రం సంగతి వస్తే మా అత్తమ్మది ఒకటే మాట.

"సముద్రాన్ని ఎన్నడంటే అన్నడు ముట్టొద్దు బిడ్డా. పున్నమికి, అమాసకే ముట్టాలె. ఉత్తగ ముడితే పాపం."

ఎప్పుడో బస్సులో రామేశ్వరం యాత్ర పోయినప్పుడు విన్నదట. పుష్య పున్నమి శనివారం పడింది. నేను గ్రూపులో, "అత్తమ్మ పున్నమికే పోవాలంటున్నది, పెద్దమనిషి మాట కాదనలేను" అని రాశాను. అవతల ఎల్బీనగర్‌లో ఆమె పళ్లు పటపటా కొరికిన చప్పుడు నాకు దిల్‌సుఖ్‌నగర్‌లో వినిపించినట్టే అయింది. ఆ పూట అన్నం రుచిగా ఉంది.

రెండు రోజులకు ఆమె మా ఇంటికొచ్చింది. గొడవకేమో అని నేను నడుం బిగించాను. ఆమె సంచిలోంచి ఆ పూల ఫ్రాకు తీసింది.

"అక్కా, లావైన. జర పక్క కుట్లు ఇప్పి లూజు చెయ్యవా?"

ఫొటోల్లో నన్ను అంత ఏడిపించిన ఫ్రాకు నా మిషను మీదికే వచ్చింది. ఏ బట్ట వచ్చినా నేను ముందు చూసేది కింది అంచు. ఆ మడత తిరగేసి చూశాను. దులిపాను. గోటితో మూల మూలా గీకాను. ఏమీ రాలలేదు. బట్ట రంగు కూడా కొన్నప్పుడు ఎట్లుందో అట్లనే ఉంది. మా ఆయన ప్యాంటు ఒక్క ట్రిప్పుకే అంత ఇసుక మోసుకొచ్చింది కదా అనుకున్నాను.

"ఏందే పిల్లా, గీ ఫ్రాకేసుకొని సముద్రం కాడికే పోయినవా, ఫొటో స్టూడియోల తెర ముంగట నిలబడ్డవా?" అన్నాను. గుచ్చుదామనే అన్నాను.

ఆమె నవ్వలేదు. మంచం అంచున కూర్చుంది.

"నీళ్లల్లకు దిగేది ఎప్పుడక్కా? పోంగనే మీ మరిది రెండు ఫొటోలు తీస్తడు. గంతే, నా పని అయిపాయె. ఫోన్లు, పర్సులు, కారు తాళం, అందరి చెప్పులు నా కాడ ఏసి, ఆయన, ఆయన దోస్తులు నీళ్లల్లకు పోతరు. ఎవలన్న ఒకలు కూసోవాలె గదా. నేను కూసుంట."

"వాళ్లు ఒచ్చినంక పోరాదు?"

"వాళ్లు ఒచ్చుడే ఆకలి ఆకలి అనుకుంట ఒస్తరు." నా చేతిలోని ఫ్రాకు అంచు చూస్తూ అంది, "నీళ్లు సల్లగుంటయా, ఎచ్చగుంటయా అని అడిగినవు సూడు ఒకపారి. నాకు తెల్వదక్కా. తెల్వదని నీతోని చెప్ప బుద్ధి కాలే."

దేవుడి ముందు చెప్పమన్నా ఇదే చెబుతాను, నాకు ముందు కలిగింది సంతోషం. గుండెల మీద నుంచి పెద్ద బండ దిగినట్టయింది. ఆ వెంటనే కోపం వచ్చింది. ఇన్నేళ్లు నేను కుళ్లుకున్నదంతా ఎవరి మీద? చెప్పుల కుప్పకు కావలి కూర్చున్న మనిషి మీదా? నా ఏడుపంతా దండగయిందే అనిపించింది. ఆ తర్వాత ఇంకో ఆలోచన వచ్చి, చేతిలో కత్తెర ఆగిపోయింది. పున్నమి రోజు పోతే అత్తమ్మ స్నానానికి దిగుతుంది. సముద్రం అలవాటున్న మనిషని ఆమెను పట్టుకోవడానికి చిన్నకోడలినే పంపుతారు. ఇక ఒడ్డున ఫోన్లు, పర్సులు, తాళాలు పెట్టుకుని కూర్చునేది ఎవరు? పెద్దకోడలు. నేనే!

ఫ్రాకు వదులు చేశాను. లోపల ఉన్న మార్జిన్ అంతా వదిలేశాను. అంచును మళ్లీ గట్టిగా కుట్టాను. ఆమె మెట్లు దిగకముందే గ్రూపులో, "పున్నమి వద్దు, సోమవారమే పోదాం" అని రాశాను. మా ఆయన షాపులోంచి పైకొచ్చి నా నుదురు మీద చెయ్యి పెట్టి చూశాడు.

అత్తమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "మరి నేను ముట్టను," అంది.

"మీరు ముట్టకుండ్రి అత్తమ్మా. ఒడ్డుకు సల్లగ కూసోండ్రి, దర్శనమే సాలు."

"మరి మీరు? మీకు పాపం తాకదా?"

"మీ పెద్దకొడుకు గోవాల పంచాంగం సూసుకొనే మునిగిండా?"

అత్తమ్మ ఇంకో వక్క ముక్క నోట్లో వేసుకుంది. "మీ ఇష్టం. నన్ను మాత్రం దిగుమనొద్దు," అంది. నాకు కావలసిందీ అదే.

సోమవారం తెల్లవారకముందే మా మరిది కారులో బయల్దేరాం. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర మంచుకు ముందు పోయే లారీ కూడా కనబడలేదు. అందరం స్వెట్టర్లలో ముడుచుకుని ఉన్నాం. విజయవాడ దాటాక ఒక్కొక్కటే విప్పేశాం. నా వేళ్లు వాటంతట అవే సాగాయి. సముద్రం ఇంకా రాకముందే దాని గాలి కారులోకి వచ్చింది. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను, దారిలో కారు అద్దంలోంచి సగం సగం చూసి చెడగొట్టుకోవడం ఇష్టం లేక.

సరుగుడు చెట్ల కింద చాప పరిచి అత్తమ్మను కూర్చోబెట్టాం. నేను ఇంకా నీళ్లవైపు తిరగలేదు. మా ఆయన, మా మరిది ప్యాంట్లు పైకి మడిచి, ఫోన్లూ పర్సులూ తీసి, చూడకుండానే చేతులు చాపారు. చూడకుండానే మా యారాలు ఒడి పట్టింది. అంత అలవాటయిపోయింది. నాకు ఎక్కడో కాలింది. ఆమె ఒడిలో పడ్డవన్నీ దోసిట్లోకి తీసుకుని, కారు తాళంతో సహా తీసుకుపోయి అత్తమ్మ ఒడిలో పోశాను. మా ఇద్దరి చెప్పులూ విడిచి ఆమె పక్కనే పెట్టాను.

"ఓసి మీ కడుపు సల్లగుండ, నన్ను గీడ కావలి కూసోబెట్టనీకే తీస్కొచ్చిండ్రా!" అంది అత్తమ్మ. అన్నది గాని, పర్సులను కొంగు కింద భద్రంగా కప్పుకుంది.

అప్పుడు కూడా నేను అనుకున్నది ఒక్కటే, ఈమె కంటే ముందు నేను పోవాలి. కుచ్చిళ్లు ఎత్తి బొడ్లో దోపుకుని, ఊపిరి పీల్చుకుని, నీళ్లవైపు తిరిగాను. అంతే. నా ఎదురుగా సముద్రం లేదు. పూల ఫ్రాకు వీపు ఉంది. మా యారాలు అప్పటికే పరిగెడుతోంది. నేనే వదులు చేసిన ఫ్రాకు కదా, కాళ్లకు అడ్డం పడటం లేదు. టోపీ ఎగిరి ఇసుకలో పడింది, ఆగలేదు. నేను "ఆగవే! ఆగు!" అని అరుస్తూ తడబడుతూ వెనకాల పరిగెత్తాను. నా కుచ్చిళ్లు ఊడిపోయాయి. ఇంకా పది అడుగులు ఉండగానే ఒక అల వచ్చి ఆమె మోకాళ్లను కొట్టింది. ఆమె చిన్నపిల్లలా కేక పెట్టి, రెండు చేతులూ పైకెత్తి నావైపు తిరిగింది. ముఖమంతా నీళ్లు, అవి సముద్రానివో ఆమెవో తెలియలేదు.

"అక్కా! ఎచ్చగున్నయే! నీళ్లు ఎచ్చగున్నయే!"

నా కాళ్లింకా పొడి ఇసుకలోనే ఉన్నాయి. ఇంత చేసినా, సముద్రం వెచ్చగా ఉంటుందన్న సంగతి నాకు ఆమె నోటితోనే తెలిసింది.