ఏడో నంబరు, అయిదో వేలు

మొన్న ఆదివారం ఆష్‌బర్న్‌లో మా అమ్మాయి ఇంట్లో ఆపిల్ ముక్కలు అడుగంటాయి. మనవరాలు ఫోన్‌లో ఏదో వంట చూసి, పంచదార, లవంగాలు, దాల్చినచెక్క వేసి పొయ్యి మీద పెట్టింది. ఆ ఫోన్‌లోనే మునిగిపోయి పొయ్యి సంగతి మరిచిపోయింది. మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయబోతే, "వద్దే, ఒక్క నిమిషం ఉండనీ" అన్నాను. "అమ్మా, స్మోక్ అలారం మోగుతుంది" అంది. మోగితే మోగనీ అన్నాను. లవంగాల వాసన వస్తే మా వాళ్ళందరికీ బిర్యానీ గుర్తొస్తుంది. దానికి అడుగంటిన ఆపిల్ వాసన తోడైతే నాకు మాత్రం మిస్ వెర్నా గుర్తొస్తుంది. మీలో ఎవరూ ఆవిడను చూసి ఉండరు. అందుకే ఇది రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో మా ఆయనకు వర్జీనియా రాష్ట్రం కొసన, బొగ్గు గనుల కొండల మధ్య ఒక చిన్న ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. అక్కడి డాక్టర్లు వెళ్ళడానికి ఇష్టపడని ఊళ్ళకు మన డాక్టర్లు వెళ్ళే రోజులవి. ఊరు మొత్తానికి ఇండియావాళ్ళం మేమిద్దరమే. ఆయన పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళిపోతే, గుంటూరులో టైపు హయ్యర్ పాసై వచ్చిన నేను కిటికీలోంచి కొండలు చూస్తూ కూర్చునేదాన్ని. కొండలెంత అందంగా ఉన్నా ఎంతసేపని చూస్తాం? ఒకరోజు లైబ్రరీ గోడ మీద ఒక చీటీ కనిపించింది: టైపు చేసేవారు కావాలి, జీతం లేదు, భోజనం ఉంది. ఆ మధ్యాహ్నమే వెళ్ళి తలుపు తట్టాను.

తలుపు తీసిన మనిషికి డెబ్బై ఏళ్ళుంటాయి. వెదురు బద్దలా నిటారుగా ఉంది. నలభై ఏళ్ళు ఆ ఊరి బడిలో పాఠాలు చెప్పిందట. పేరుకు ముందు మిస్ చేర్చి పిలవడం అక్కడి మర్యాద. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు పోయి టైపు మిషన్ మీద ఆడటం లేదు.

"నీ పేరేంటి?" అంది.

"కెజియా."

ఆవిడ తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఎవరి పేరు?"

"మా నాయనమ్మ పేరండీ. బైబిల్లో యోబు గారి కూతురి పేరు."

"యోబు కూతురు నాకు తెలుసు. మా నాయనమ్మ పేరు కూడా అదే. నీకెవరు పెట్టారు?"

"మా నాన్న అనుకుంటాను."

"అనుకోవడం కాదు హనీ, కనుక్కో" అని లోపలికి రానిచ్చింది. కూర్చోగానే రెండో ప్రశ్న: "మీవాళ్ళెవరు?"

ఆ కొండల్లో కొత్త మనిషి కనిపిస్తే అందరూ అడిగేది ఇదే. మన దగ్గర "ఎవరి తాలూకు అమ్మాయివి?" అన్నట్టే. అమెరికా వచ్చాక నన్ను ఏ దేశమని కాకుండా ఎవరి పిల్లనని అడిగిన మొదటి మనిషి ఆవిడే. నాకు ప్రాణం లేచొచ్చింది. తాతల దగ్గర్నుంచి మొదలుపెట్టి గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయాను. ఆవిడ ఒక చీటీ మీద పెన్సిల్‌తో రాసుకుంటోంది. మేనత్తల దగ్గరకొచ్చేసరికి వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాను: రత్నమ్మ, ఎస్తేరు, సలోమి, మరియమ్మ. అయిదో వేలు సగం మడిచి మళ్ళీ చాపేశాను. "నలుగురు" అన్నాను. ఆవిడ ఇంకేదో రాసి చీటీని చెప్పుల డబ్బాలో వేసింది.

ఆ ఇంట్లో అలాంటి డబ్బాలు చాలానే ఉండేవి. ఆవిడ తాతకూ నాయనమ్మకూ తొమ్మిది మంది పిల్లలు. ఒక్కొక్కరి సంతానానికి ఒక్కొక్క డబ్బా. పెద్ద కొడుకు ఒకటి, రెండో బిడ్డ రెండు, అలా తొమ్మిది దాకా నంబర్లు. ఆ తొమ్మిది శాఖల్లో పుట్టిన ప్రతి ప్రాణినీ వెతికి, వచ్చే ఏడు శరదృతువులో బంధువులంతా కలిసే రీయూనియన్ నాటికి పుస్తకం చెయ్యాలని ఆవిడ పంతం. గనుల్లో పని పోయి ఓహాయో ఫ్యాక్టరీలకు వెళ్ళినవాళ్ళు, యుద్ధాలకు వెళ్ళి తిరిగి రానివాళ్ళు, అందరూ కావాలి. స్టాంపు అంటించిన జవాబు కవరుతో సహా ఎందరికో ఉత్తరాలు రాసేది. ముళ్ళపొదలు దాటుకుంటూ కొండ మీది సమాధుల దగ్గరకు ఎక్కేది, నన్నూ ఎక్కించేది. చీర కట్టుకుని వెళ్ళిన మొదటి రోజే నా తెలివితేటలు బయటపడ్డాయి. మర్నాటికి ఆవిడ తన పాత ప్యాంటు ఒకటి కత్తిరించి నాకు సరిచేసి ఇచ్చింది.

ఏడో డబ్బా ఒక్కటే ఖాళీ. ఇంటి బైబిల్లో పిల్లల పుట్టిన రోజులు రాసిన పేజీలో ఏడో వరుసను సిరాతో కాగితం చిరిగేంతగా కొట్టేశారు. పాత జనాభా లెక్కల్లో మాత్రం లెటీ అని పేరు దొరికింది. వెర్నాకు మేనత్త, తండ్రి చెల్లెలు. "చిన్నప్పుడే పోయి ఉంటుంది, దుఃఖంతో కొట్టేసి ఉంటారు" అనేవాళ్ళు బంధువులు. మిస్ వెర్నా ఆ మాట నమ్మేది కాదు. ఓహాయో పత్రికల్లో ప్రకటన వేయించి, రోజూ పోస్టు డబ్బా దగ్గరకు నడిచేది.

ఆ ఏడు అక్టోబరు రీయూనియన్‌లో ఆపిల్ బటర్ కాచే రోజుకు నన్ను తీసుకెళ్ళింది. పేరులో బటర్ ఉంది గానీ అందులో వెన్న చుక్క కూడా ఉండదు. పెద్ద రాగి కాగులో ఆపిల్ ముక్కలు పోసి, ఆరుబయట కట్టెల మంట మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నల్లటి గుజ్జయ్యేలా కాస్తారు. పొడవాటి తెడ్డుతో తిప్పుతూనే ఉండాలి: అంచు వెంట రెండుసార్లు, మధ్యలోంచి ఒకసారి. అది వాళ్ళ ఇంటి పద్ధతి. మిస్ వెర్నా పెదనాన్న కొడుకు ఎల్బర్ట్ ఇంటికి పెద్ద. ఆయన కుర్చీలో కూర్చుని నంబరు పిలుస్తాడు, ఆ శాఖవాళ్ళు వచ్చి తెడ్డు పట్టుకుంటారు. ఆరో శాఖ వంతు అయ్యాక ఎల్బర్ట్ ఎవరినీ పిలవలేదు. తెడ్డును కాగు అంచుకు ఆనించి అందరూ ఊరికే నిలబడ్డారు. రెండు మూడు నిమిషాలయ్యాక "ఎనిమిది" అన్నాడు. ఈలోగా అడుగంటిన వాసన వచ్చేసింది.

"ఎందుకండీ అలా ఆపేశారు?" అన్నాను.

"అలవాటు. నాయనమ్మ కాలం నుంచీ అంతే. మా ఆపిల్ బటర్ ఎప్పుడూ కాస్త మాడుతుంది" అంది మిస్ వెర్నా.

వసంతంలో ఓహాయో నుంచి కవరు వచ్చింది. మిస్ వెర్నా దాన్ని కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించి నాకు వినబడేలా చదివింది. రాసినామె పేరు కెజియా. లెటీ కూతురు. "మా నాన్న రైల్వేలో పనిచేసిన నల్లజాతివాడు. తెల్లావిడైన అమ్మతో ఆయన పెళ్ళికి అప్పట్లో వర్జీనియాలో చట్టం ఒప్పుకునేది కాదు కనుక నది దాటి ఇటు వచ్చేశారు. అమ్మ నాకు వాళ్ళమ్మ పేరు పెట్టుకుంది. ఏటా ఆపిల్ బటర్ కాచేది. నా వంతు, నా వంతు అంటూ తెడ్డు ఎవరికీ ఇచ్చేది కాదు." అక్కడికొచ్చేసరికి ఆవిడ ఉత్తరం దించి నా వైపు చూసింది. కాగు అంచుకు ఆనించిన తెడ్డు ఇద్దరికీ గుర్తొచ్చింది. లెటీ పేరు పైకి అనలేని ఆ తల్లి, కూతురి వంతు మాత్రం ఎవరికీ ఇవ్వలేదన్నమాట.

కవరులో ఒక ఫోటో కూడా ఉంది. ఒక పెద్దావిడ, రంగు నాకంటే ఒక ఛాయ తెలుపు, కళ్ళు అచ్చం మిస్ వెర్నావి. మిస్ వెర్నా దాన్ని చాలాసేపు చూసి బోర్లా పెట్టింది. "ఈ పేజీ టైపు చెయ్యకు. ఎనిమిదిని ఏడు చెయ్యి, తొమ్మిదిని ఎనిమిది చెయ్యి."

"ఏంటండీ?"

"ఎల్బర్ట్ ఉన్నంతకాలం ఇది కుదరదు. రీయూనియన్ రెండు ముక్కలవుతుంది. ఆయన పోయాక ఇంకో పుస్తకం వేద్దాం." నా ముఖం చూడకుండా చెప్పింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టిన మనిషేనా ఈవిడ అనిపించింది. ఇంటికొచ్చి మా ఆయనతో చెబితే, "వాళ్ళ ఫ్యామిలీ మేటర్‌లో నువ్వెందుకు దూరతావ్? ఆ ఎల్బర్ట్ గారికి హాస్పిటల్ బోర్డులో ఫ్రెండ్స్ ఉన్నారు. నా కాంట్రాక్ట్ రెన్యూ అవ్వాలా వద్దా?" అన్నారు. ఆయన మాటా కాదనలేనిదే. వారమంతా మిషన్ ముందు కూర్చుని ఆరో శాఖ దాకా టైపు చేశాను. ఆరు తర్వాత ఒక తెల్ల కాగితం పెట్టి ఎనిమిదిని ఎనిమిదిగానే కొట్టాను. ఆ కట్ట తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను.

తెల్ల కాగితం దగ్గర ఆగి, "నేను చెప్పిందేంటి, నువ్వు చేసిందేంటి?" అంది.

"చేతులు రాలేదండీ."

కోప్పడుతుందనుకున్నాను. లేచి వెళ్ళి చెప్పుల డబ్బాలోంచి ఒక చీటీ తెచ్చి నా ముందు పెట్టింది. మొదటి రోజు నేను చెప్పిన నావాళ్ళ పేర్లు. మేనత్తల వరుసలో నాలుగు పేర్లు. వాటి కింద అయిదు అంకె వేసి, పక్కన ఖాళీ గీత గీసి ఉంది.

"నలభై ఏళ్ళు పిల్లల ముందు నిలబడ్డాను. అయిదో వేలు సగం మడిచి ఎందుకు చాపేశావో అడగలేదు. ఖాళీ మాత్రం ఉంచాను."

అయిదో వేలు సుగుణత్తదని చెప్పాను. సుగుణత్త మా నాన్న ఆఖరి చెల్లెలు, నర్సు. తనతో పనిచేసే మనిషిని, మావాళ్ళు తక్కువగా చూసే కులం మనిషిని పెళ్ళి చేసుకుంది. క్రైస్తవులకు కులమేమిటని అడగకండి. ఆరాధనలో పక్కపక్కనే కూర్చునేవాళ్ళమే, సంబంధాల దగ్గరకొచ్చేసరికి ఎవరి వరుస వాళ్ళది. నాకు నాలుగేళ్ళప్పటి నుంచి మా ఇంట్లో ఆవిడ పేరు ఎవరూ ఎత్తలేదు. ఇదంతా చెబుతుంటే కోపం ఎటు పోయిందో పోయింది, ఏడుపొచ్చింది. మిస్ వెర్నా నా ముందున్న చీటీనీ, తన ముందున్న తెల్ల కాగితాన్నీ మార్చి మార్చి చూసింది.

"నీకు ఖాళీ ఉంచి, నాది మూసేయమన్నాను కదూ" అంది నెమ్మదిగా. తర్వాత బోర్లా ఉన్న ఫోటోను తిప్పి పెట్టింది. "టైపు చెయ్యి. నా ఏడు నేను నింపుతాను. నీ అయిదు నువ్వు నింపు."

ఆ అక్టోబరులో ఓహాయో కెజియా వచ్చింది. కారు నడిపిన కొడుకు తాళాలు చేతిలోనే పట్టుకుని కారు పక్కన నిలబడ్డాడు. పుస్తకం అప్పటికే అందరి చేతుల్లో ఉంది. కొందరు మాత్రమే పలకరించారు. ఆరో శాఖ వంతు అయింది. ఎల్బర్ట్ ఎప్పటిలాగే ఊరుకున్నాడు, తెడ్డు అంచుకు ఆనింది. మిస్ వెర్నా నడిచి వెళ్ళి ఆ తెడ్డు తీసుకుని, బళ్ళో హాజరు పిలిచే గొంతుతో "ఏడు!" అంది. ఒక్కరూ కదల్లేదు. ఓహాయో కెజియా ముందుకొచ్చి తెడ్డు అందుకుంది. ఎవరూ చెప్పకుండానే అంచు వెంట రెండుసార్లు తిప్పి, మధ్యలోంచి ఒకసారి లాగింది. మళ్ళీ రెండు, మళ్ళీ ఒకటి. నా పక్కనున్న ముసలావిడ "ఓరి దేవుడా" అంటూ నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుంది.

ఎల్బర్ట్ టోపీ పెట్టుకుని తన సంతానాన్ని తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ రీయూనియన్‌కు రాలేదు. ఆయన కోసం మిస్ వెర్నా బాధపడింది, నా ముందే కళ్ళు తుడుచుకుంది. మా ఆయన కాంట్రాక్టుకు మాత్రం ఏమీ కాలేదు. ఆ ఏడు ఆపిల్ బటర్ మాడలేదు. ఏదో తక్కువైనట్టుందని కొందరు సణిగారు కూడా.

ఆ తర్వాత నేను ఎప్పుడు కనిపించినా ఆవిడ మొదటి మాట ఒకటే: "నా ఏడు అయింది. నీ అయిదు?" నాన్నకు బీపీ అన్నాను, తమ్ముడి పెళ్ళి కానివ్వండి అన్నాను. మేము న్యూజెర్సీకి మారాక ఫోన్‌లో కూడా అదే ప్రశ్న, అవే సాకులు. ఎనభైల మధ్యలో ఒక మధ్యాహ్నం పార్సిల్ వచ్చింది. మిస్ వెర్నా పోయిందని మేనకోడలు రాసిన ఉత్తరం, వాళ్ళ వంశం పుస్తకం, నావాళ్ళ పేర్లున్న ఆ చీటీ. అయిదు పక్కన గీత ఖాళీగానే ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రమే అడ్రసు కోసం అమ్మకు రాశాను. నాన్నకు చెప్పొద్దంటూ అమ్మ ఉత్తరం అంచున చిన్న అక్షరాలతో పంపింది.

సుగుణత్త జవాబు నెల తిరక్కుండా వచ్చింది. ఏరోగ్రామ్ కాగితం నిండా పిల్లల పేర్లు, మనవల పేర్లు, పుట్టినప్పటి బరువులతో సహా, అచ్చం నర్సు రాసినట్టే. ఇన్నేళ్ళూ ఎందుకు రాయలేదని ఒక్క మాట లేదు. చివర్న ఇలా ఉంది: "నువ్వు పుట్టినప్పుడు డ్యూటీలో ఉన్నది నేనే. మీ నాన్న ఇంకేదో పేరు అనుకున్నాడు. నేనే రిజిస్టర్లో మా అమ్మ పేరు రాసేశాను. నీకెవరూ చెప్పలేదా, కెజియా?"

కనుక్కో అందిగా ఆవిడ, మొదటి రోజే. కనుక్కున్నానండీ అని చెబుదామంటే వినడానికి మనిషి లేదు. చీటీ తీసి ఖాళీ గీత మీద సుగుణమ్మ అని రాశాను. ఆవిడ పెన్సిల్‌తో రాసింది కనుక నేనూ పెన్సిల్‌తోనే రాశాను.

ఇప్పుడు మా తెలుగు చర్చిలో కొత్తగా వచ్చిన కుటుంబాల వివరాలు రాసుకునే పని నాకిచ్చారు. అందరూ కంప్యూటర్లో కొట్టమంటారు, నేను చీటీల మీదే రాస్తాను. మొన్న ఆ మాడు వాసన పీల్చి చర్చికి వెళ్తే, ఒక కొత్తమ్మాయి వచ్చి కూర్చుంది. "మీవాళ్ళెవరమ్మా?" అన్నాను. "అన్నయ్యలు ఇద్దరు ఆంటీ, ఒకరు డాలస్‌లో, ఒకరు రెడ్‌మండ్‌లో" అంటూ రెండు వేళ్ళు మడిచింది. మూడో వేలు కాస్త వంగి ఆగింది. "అంతే ఆంటీ, ఇద్దరే" అంది.

నేనేమీ అడగలేదు. అన్నయ్యలిద్దరినీ రాసుకుని, వాళ్ళ కింద మూడు అని వేసి, పక్కన గీత గీసి ఉంచాను.