మూగ పాఠం

నిన్న మీరు వీడియో కాల్ చేసినప్పుడు మీ పెదవులు ఆడుతున్నాయి గానీ మాట వినపడలేదు. చివరికి "అవ్వా, సౌండు పెట్టు" అని కాగితం మీద రాసి చూపించారు. నాకు నవ్వాగలేదు. ఎందుకో చెబుతాను, వినండి పిల్లలూ.

రిటైరయ్యేదాకా నేను పనిచేసిన చిత్తూరు లైబ్రరీని మీరు చూడలేదు. పేపర్లు చదివే హాలు, ఓ మూల పులుసన్నం వాసనొచ్చే మా క్యారియర్ల బల్ల, దాని పక్కనే కొత్తగా వచ్చిన కంప్యూటరు. లైబ్రరీకి వెబ్ పేజీలు ఉండాలి, సిబ్బందిలో ఎవరి పేజీ వాళ్లే తయారుచేయాలి, నేర్పడానికి ఎవరూ రారు, వీడియోలు చూసి మీరే నేర్చుకోండి అని పైనుంచి ఉత్తర్వు. చేతకానివాళ్లను ఎక్కడో దూరాన, కంప్యూటరు లేని సత్యవేడు శాఖకు మారుస్తారట. నాతో పనిచేసే పెద్దావిడ ఒకామె ఉండేది, అక్కా అని పిలిచేదాన్ని. ఆ మాట విన్న రోజు ఆమెకు అన్నం సహించలేదు. ఇంట్లో అత్త మంచాన పడి ఉంది. రోజూ మధ్యాహ్నం పరుగున వెళ్లి రసం అన్నం కలిపి తినిపించి వచ్చేది. సత్యవేడులో ఉంటే అదెలా కుదురుతుంది?

అక్కకు హాల్లో చిన్న చప్పుడు కూడా గిట్టదు. ఎవరైనా గట్టిగా తుమ్మినా కళ్లద్దాల మీంచి చూసేది. అలాంటి మనిషి వీడియోకు సౌండు పెట్టనిస్తుందా? "సదువుకునేవాళ్లుండారు మే, ఆయప్ప నోరు మూసేయ్" అంది, వీడియోలో పాఠం చెప్పే ఆయన్ని చూపిస్తూ. మాటలేకుండానే పాఠం చూశాం. తెరమీద ఆయన ఏది నొక్కితే అది నొక్కాం, ఏ అక్షరం కొడితే అదే కొట్టాం. ఒకచోట ఆయన వరుసంతా రాసి, మొత్తం తుడిచి, మంచినీళ్లు తాగి, మళ్లీ రాశాడు. మేమూ అంతే.

"నీళ్లు గూడా తాగాల్నా అక్కా?" అని గుసగుసగా అడిగాను.

"తాగు, మనదేం పోతాది? పేజీ రాకపోతే మా అత్త నోట్లో ముద్ద ఎవురు పెడతారు?" నవ్వుతూనే అని, తనూ సీసా ఎత్తింది.

తనిఖీకి ఆఫీసరమ్మ వచ్చింది. అక్క కూర్చుని కొత్త పుస్తకాల పేర్లతో పేజీ చకచకా తయారుచేసింది. ఆ చోటు రాగానే బాగున్న వరుసనంతా తుడిచేసి, సీసా ఎత్తి నీళ్లు తాగి, మళ్లీ రాసింది.

"బాగానే ఉంది కదమ్మా, ఎందుకు తుడిచారు?" అంది ఆఫీసరమ్మ.

"అట్లనే సేయాలమ్మా. పాఠంలో సారు అట్లనే సేసినాడు."

ఆవిడ వీడియో తెరిచి సౌండు పెట్టింది. "అయ్యో, ఇక్కడ తప్పు కొట్టేశాను, తుడిచి మళ్లీ రాస్తాను" అన్నాడా పాఠం చెప్పే ఆయన, హాలంతా మోగేలా.

రోజూ పేపరుకొచ్చే పెద్దాయన ఒకరు తల పైకెత్తి, "ఇన్నాళ్లూ ఆయప్ప నోరు నొక్కి పెట్టినారు గదమ్మా!" అన్నాడు. హాలు హాలంతా నవ్వింది. అక్క ఎవరినీ కసరలేదు. తనే కొంగు అడ్డం పెట్టుకుని కుర్చీ కదిలేలా నవ్వింది.

"ఒక్క మాట వినకుండా ఇంత నేర్చుకున్నారు, మిమ్మల్ని ఎక్కడికి పంపుతాను? ఇక్కడే ఉండండి" అంది ఆఫీసరమ్మ.

అక్క ముందు గడియారం చూసింది. "మా అత్తకు అన్నం యాళయిందమ్మా, పోయొస్తా" అని చెప్పులు సరిగా తొడుక్కోకుండానే వెళ్లిపోయింది.

తర్వాత ఎన్నో కొత్తవి నేర్చుకున్నాం, చాలావరకు మరిచిపోయాం. ఆ పేజీ ఇప్పుడు వెతికినా దొరకదు. అక్క వాళ్ల అత్త పోయి కూడా చాలా కాలమైంది. ఇప్పుడు తలుచుకుంటే, ఆ చదువుతో అక్క తన అత్తకు సంపాదించి పెట్టింది కోడలి చేతి ముద్ద తినే ఇంకొన్ని మధ్యాహ్నాలు, అంతే. కాలం దగ్గర అంతకన్నా ఎక్కువ ఎవరికైనా ఎప్పుడు దొరికింది గనక?