కాటా కంప్యూటరుకు ఆటో స్టార్టర్

విడవలూరు దగ్గర ఒక రైస్ మిల్లులో కాటా కంప్యూటర్ చూసేది నేనే. ఈ మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. లైనక్స్ ఆన్ అయింది గానీ, తూకాలు నమోదయ్యే డేటాబేస్ లేవలేదు. బయట పదకొండు ట్రాక్టర్ల వడ్లు, పైన పట్టాల్లేవు. సముద్రం వైపు నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. తడిస్తే మిల్లు తీసుకోదు. కంప్యూటరును రెండుసార్లు రీస్టార్ట్ చేశాను. రెండుసార్లూ అదే ఎర్రర్.

మొదటి ట్రాక్టర్ రైతు రమణయ్య మామ కిటికీలోంచి తొంగి చూశాడు.

"ఏంది అబ్బయా, ఇంకా కాలా?"

"కంప్యూటర్ వచ్చింది మామా, లోపల డేటాబేస్ స్టార్ట్ కాలా."

"కరెంటొస్తే దానంతటదే లేసేదానికి ఆటో స్టార్టర్ పెట్టలేదా? మా చేలో మోటరుకు పెట్టినాం గదా!"

నా వేళ్లు ఆగిపోయాయి. ఇన్‌స్టాల్ చేసిన రోజు ‘స్టార్ట్’ కొట్టాను. సిస్టమ్ ఆన్ అయిన ప్రతిసారీ అదే లేచేలా ‘ఎనేబుల్’ కొట్టడం మరిచిపోయాను. ఇన్నాళ్లూ యూపీఎస్ ఉండబట్టి బయటపడలేదు. నిన్ననే దాని బ్యాటరీ పోయింది.

రెండు కమాండ్లూ కొట్టాను. ఆఖరి ట్రాక్టర్ షెడ్డులోకి చేరుతుండగా చినుకులు మొదలయ్యాయి.

ఓనర్ ఫోన్ చేస్తే "చిన్న టెక్నికల్ సమస్య సార్" అన్నాను. మామ అక్కడే ఉన్నాడు.

"మా మోటరు మెకానిక్ నంబరు ఇమ్మంటావా?"

తీసుకున్నాను. మీలో ఇంకెవరికైనా కావాలా?