మొగ దగ్గరి ఇసక

సముద్రపు ఇసకలో బతికే నులిపురుగులకి పేర్లు తేల్చే పని నాది. కడుపులో ఉండే నులిపురుగులకి చుట్టాలే గానీ, ఇవి ఎవరి జోలికీ రావు, కంటికీ ఆనవు.

వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర మా మేనత్త గుల్లలు ఏరి, ఉడకబెట్టి, మాంసం బజార్లో అమ్ముతుంది. పోయిన వేసవిలో రొయ్యల చెరువుల నీళ్ళు మొగలోకి వదిలేస్తున్నారని గోల. "మా ఇసక పాడైపోనాదో లేదో సూసి సెప్పవే" అని నన్నడిగింది.

మంచి ఇసకలో ఈ పురుగులు బోలెడు రకాలుంటాయి. ఇసక చెడితే ఏ మొండి రకమో ఒక్కటి మిగులుతుంది. రకం తేల్చాలంటే మాత్రం మగది దొరకాలి, దాని తోక దగ్గరి వంకర ముల్లు చూస్తే గానీ చాలావాటికి పేరు చెప్పలేం. ఆ మాటంటే అత్త బుగ్గలు నొక్కుకుంది.

"ఓలమ్మో! ఇసకలో కూడా మగోడే కావాలేటి?"

ఇద్దరం పడీపడీ నవ్వాం.

ఇసక తీసిన చోటే ఫార్మలిన్ పొయ్యాలి, లేకపోతే సున్నితమైన పురుగులు ముందు చచ్చి కుళ్ళిపోతాయి. నాకు తెలియకా? కాలేజీలో ఈ పాఠం చెప్పేది నేనే! కానీ అంతకుముందోసారి ఆ ఘాటుకి కండక్టర్ నన్ను నడిదారిలో దింపేశాడు. అందుకని ఈసారి ఫార్మలిన్ పొయ్యకుండానే ఇసక బకెట్టుతో బస్సెక్కి, దారిలో చీపురుపల్లిలో మా ఆడపడుచు ఇంట్లో దిగాను. కోడికూర వండుతున్నాను, ఉండిపొమ్మంది. ఉండిపోయాను. బకెట్టు అరుగు మీద ఎండలో ఉంది. ఫార్మలిన్ మర్నాడు పోశాను.

మైక్రోస్కోప్ కింద ఒక్కటే రకం. నోట్లో పళ్ళు, తల పక్కన సుడి, మగవాటి ముల్లు అన్నీ సరిపోయాయి. పేరు దొరికిందన్న సంబరంలో బకెట్టు సంగతి గుర్తే రాలేదు. అత్తకి ఫోన్ చేసి "మొగ చెడిపోయింది, ఆ గుల్లలు తినకండి" అనేశాను. గుల్లలు తినొచ్చో లేదో నా పురుగులు చెప్పవు, అయినా అనేశాను. నా నోరు పడిపోను! అటుపక్క ఫోన్ స్పీకర్లో ఉంది, వలలు బాగుచేసేవాళ్ళంతా విన్నారు. ఆ సాయంత్రం నుంచే అత్త తట్ట దగ్గర ఆగినవాళ్ళు లేరు.

వానలయ్యాక మళ్ళీ వెళ్ళి, ఒడ్డునే ఫార్మలిన్ పోసి, ఆటో మాట్లాడుకుని తెచ్చాను. చూస్తే ఎన్ని రకాలో! అరుగు మీద ఎండలో వదిలేసిన బకెట్టు ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు చెడింది మొగ కాదు, నా బకెట్టు.

మర్నాడే బజారుకెళ్ళి అత్త తట్ట పక్కన నిలబడి అరిచాను. "ఇసక బాగుంది! తప్పు నాది!"

ఎదురుగా చేపలమ్ముతున్నావిడ నవ్వింది. "మేనత్త కదమ్మా, ఆమాత్రం సెప్పకపోతే ఎలాగ?"

నాకు ఒళ్ళు మండింది. ఆవిడతో తగువుకి దిగబోతే అత్త నా చెయ్యి పట్టి లాగింది.

"ఊరుకోవే. పాడైపోనాదని సెప్పినప్పుడు సదువుకున్నదానివి. బాగున్నాదంటే నా మేనకోడలివి."

తట్టలో మాంసం మొత్తం నా సంచిలో పోసింది.

"ఒట్టుకెళ్ళు. నువ్వైనా తిను."