కాదనడం రాని మొగ్గ

మీ ఇంట్లో మేనరికం ఖాయమైన రోజున, ఆ పిల్లను పక్కకు పిలిచి "నీకు ఇష్టమేనా?" అని మీరు అడిగారా? లేక, "గోత్రం వేరే కదా, ఇంకేం కావాలి" అని ఎవరో పెద్దమనిషి అంటే తల ఊపి కాఫీ తాగి వచ్చారా? నేను తల ఊపాను. అంతకంటే ఘోరం, ఆ గోత్రం మాటకు బలం ఇచ్చింది కూడా నేనే.

హిందూపురంలో, పెనుకొండలో, ధర్మవరంలో ముహూర్తాలు, వాస్తు మూఢనమ్మకాలని నేను చాలా సభల్లో వాదించాను. చాలాసార్లు గెలిచాను. ఉద్యోగం మాత్రం విత్తనాల కంపెనీలో. పరిగి దగ్గర తేనెటీగ కూడా దూరని వలలు కట్టిన షెడ్డులో ముల్లంగి వంశాలను కాపాడటం నా పని. క్యాబేజీ మన ఎండకు పూయదు. దాని కుటుంబంలోదే అయిన ముల్లంగి చలికాలం చివర తెల్లగా విరగబూస్తుంది.

ఆ కుటుంబానికి ఒక గుణం ఉంది. పువ్వు మీద సొంత పుప్పొడి పడితే అది మొలవదు. పువ్వే దాన్ని ఆపేస్తుంది. ప్రతి మొక్కలో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు గుర్తులుంటాయి. వచ్చిన పుప్పొడి మీద తన గుర్తే కనిపిస్తే పువ్వు తలుపు తీయదు. అందుకే రెండు వేర్వేరు వంశాలను పక్కపక్క సాళ్లలో నాటితే, ఒకదాని పుప్పొడి ఒకటి తీసుకుని హైబ్రిడ్ విత్తనం ఇస్తాయి. కానీ ఆ వంశాలు చెడకుండా నిలవాలంటే మాత్రం ప్రతి మొక్కనూ దాని పుప్పొడితోనే కలపాలి. పువ్వు వద్దన్నా కలపాలి.

ఆ పనికి మా అక్క పదిమంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చేది. ఆమె ఊరు అక్కడికి దగ్గరే. హిందూపురంలో డిగ్రీ చదువుతున్న ఆమె కూతురు సెలవుల్లో వచ్చేది.

ఒకరోజు పొద్దున్నే ఒకామె అడిగింది: "ఏమన్నా, పువ్వుకి పువ్వు రాస్తే సాలదా? ఏంటికి ఈ మొగ్గలు గిల్లేది?"

గుర్తుల సంగతి చెప్పాను. ఎవరికీ ఎక్కలేదు. సభల్లో మాట్లాడే అలవాటు కదా, వెంటనే ఒక పోలిక తగిలింది. "గోత్రం అనుకోండి. ముల్లంగి సగోత్రం చేసుకోదు" అన్నాను.

"అబ్బ, ముల్లంగికి గూడా పట్టింపు ఉండాదే! మా మరిది అది గూడా సూసుకోకుండా పిల్లను లేపుకపోయినాడు!"

షెడ్డంతా నవ్వులు. అక్క చేతిలోని మొగ్గ మీద నుంచి చూపు తిప్పకుండానే అంది: "సూడండి మరి. పెద్దోళ్లు ఉత్తినే పెట్టినారా?"

అప్పుడే నేను ఆ పోలికను వెనక్కి తీసుకోవాల్సింది. గోత్రం తండ్రి వైపు నుంచే వస్తుంది, ఒంట్లోని గుర్తులు రెండు వైపుల నుంచీ వస్తాయి, ఈ రెండూ ఒకటి కావు అని ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. కానీ నలుగురూ నవ్వుతుంటే బాగుంది. ఊరుకున్నాను.

నా మేనకోడలు మాత్రం నవ్వలేదు. "మామా, పువ్వు కాదంటాది కదా. మరి మనం రాస్తే ఎట్ల ఒప్పుకుంటాది?"

"ఒప్పుకోదు. కాదనే శక్తి పువ్వు విచ్చుకునే వేళకు గానీ రాదు. అందుకే రెండు మూడు రోజుల ముందే మొగ్గ చీల్చి రాసేస్తాం."

"అంటే, కాదనేది తెలియకముందే పని కానిచ్చేస్తారు."

"అంతే."

ఆ పిల్ల చిన్న పట్టకారును అలాగే పట్టుకుని నిలబడింది. ఊయలలో ఉన్నప్పటి నుంచీ అక్క దాన్ని "నా తమ్ముని పెండ్లాం" అని ముద్దు చేసేది. ఆ తమ్ముడు నేను కాదు, మా ఇంట్లో చిన్నవాడు. ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. మంచివాడు. "పాపం కదా మామా" అంది. అది పువ్వు గురించి అన్న మాట కాదని నాకు తెలుసు. తెలిసే, తర్వాతి మొక్క దగ్గరకు నడిచాను.

ఆ ఏడాదే పెళ్లి మాటలు మొదలయ్యాయి. ఎవరో అక్కను అడిగారంట, ఇంత దగ్గర చుట్టరికం ఏంటికని. "మాది వేరే గోత్రం కదప్పా. పూలు గూడా గోత్రమే సూస్తాయని నా తమ్ముడే చెప్పినాడు, సదువుకున్నోడు" అందంట. ఆ మాట నా చెవిన పడింది. అప్పుడు కూడా దిద్దలేదు. పెనుకొండలో కల్యాణమండపం మాట్లాడేటప్పుడు నేను పోట్లాడింది ముహూర్తం గురించి. తెల్లవారుజాము ముహూర్తాన్ని కొట్టేయించి, అందరికీ వీలైన ఆదివారం పగలు పెట్టించాను. సంస్కరణ జరిగిందని పొంగిపోయాను. మండపంలో ఆ పిల్ల తలెత్తి ఒక్కసారి నా వైపు చూసింది. నేను అక్షింతలు వేయనని చేతులు కట్టుకుని, గర్వంగా నిలబడి ఉన్నాను.

బాబు పుట్టాడు. నాలుగో నెలలో మెడ నిలిపాడు. ఆరో నెలకు ఆ నిలిపిన మెడ వాలిపోయింది. బెంగళూరు తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ కాగితం మీద గుండ్రాలు, చదరాలు గీస్తూ చుట్టరికాలు అడిగింది. భార్యాభర్తల మధ్య రెండు గీతలు గీసింది. రక్తసంబంధానికి ఆ గుర్తు. ముల్లంగి వంశాల పటాలు గీసేవాణ్ణి, నాకు ఎవరూ వివరించనక్కరలేదు. కాగితం మీద గోత్రాలు వేరే. కానీ మా అమ్మానాయనలలో ఒకరిలో దాగిన లోపమే తమ్ముడిలోనూ ఉంది, అక్క ద్వారా కూతురిలోనూ ఉంది. బిడ్డలో రెండూ కలిశాయి.

పదకొండో నెల నిండకుండానే బాబు పోయాడు. ఎత్తుకుంటే చేతికి బరువే తెలియలేదు.

అక్క ఏడవలేదు. నా చొక్కా పట్టుకుని అడిగింది: "నువ్వే చెప్తివి కదరా గోత్రం వేరే అయితే సాలని. ఊర్లోళ్లకంతా ఎన్నెన్నో చెప్తావే, ఈ ఒక్కటి నాకు చెప్పేకి నోరు రాలేదా?"

 

ఈ చలికాలం ఆ పిల్ల కొన్నాళ్లు పుట్టింటికి వచ్చి, మళ్లీ షెడ్డులో పనికి చేరింది. మొదటి రోజు పట్టకారు ఇవ్వబోయాను. తీసుకోలేదు. "మొగ్గల పని నాకొద్దు సార్. చీటీలు కట్టే పని ఇయ్యండి" అంది. మామా అని పిలిచిన నోటితో సార్ అంది. ఇచ్చాను. సాళ్ల చివర కూర్చుని కొమ్మలకు వంశం పేరు రాసిన చీటీలు కడుతోంది. నేను అటు వెళితే తల ఎత్తదు.

మేనరికంలో పుట్టిన ప్రతి బిడ్డకూ జబ్బు వస్తుందని నేను అనడం లేదు. ప్రమాదం పెరుగుతుంది అంటున్నాను. ముల్లంగి పువ్వుకున్న కాపలా మనిషి ఒంట్లో లేదు. మనకు ఉన్నది నోరు. అది ఆడపిల్లకు రాకముందే మనం పని కానిచ్చేస్తున్నాం.

ఇది చదివి నిట్టూర్చి పక్కన పెట్టకండి. మీ ఇంట్లో మేనరికం మాట నడుస్తుంటే ఇవాళే వెళ్లండి. ఆ పిల్లను ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి. పెళ్లి ఇప్పటికే అయిపోయి ఉంటే, కడుపు పండకముందే డాక్టరుకు చుట్టరికం చెప్పించండి. ఇంకా కాకుంటే, ఆ పిల్ల కాదంటే, తాంబూలాలు పళ్లెంలో ఉన్నా సరే, అందరూ మిమ్మల్ని తిట్టినా సరే, లేచి నిలబడి ఆపండి.